ఉత్తరం చివర ఒక్క మాట

ఇచ్చోడ బస్టాండులో ఓ గంట నిలబడండి. తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండి, లంబాడీ - అన్నీ చెవిన పడతాయి. బేరం దగ్గర ఎవరు ఏ భాషైనా మాట్లాడతారు. కాని కాలికి రాయి తగిలిందో, ఒకరు 'అమ్మా' అంటారు, ఇంకొకరు 'ఆయీగ' అంటారు, మరొకరు 'యాడీ' అంటారు. తెనాలి రామలింగడు బహుభాషా పండితుడి గుట్టు అర్ధరాత్రి బయటపెట్టిన కథ మనకు తెలిసిందేగా! కేక సొంత భాషలోనే వస్తుంది.

అలాంటి కేక ఒకటి బైబిల్లో ఉంది. 'మరనాత'. క్రీ.శ. 55 ప్రాంతంలో పౌలు ఎఫెసు నుంచి కొరింథు క్రైస్తవులకు రాసిన మొదటి పత్రిక చివర వస్తుంది. ఉత్తరమంతా గ్రీకు. తాను చెబుతుంటే వేరొకరు రాశారు. ముగింపు మాత్రం నా చేత్తోనే రాస్తున్నానంటూ పౌలు కలం అందుకున్నాడు. సరిగ్గా అక్కడే ఈ అరామిక్ మాట దొర్లింది. యేసూ, ఆయన వెంట తిరిగిన జాలరులూ మాట్లాడుకున్న భాష అది.

అర్థం దగ్గరే చిక్కు. ఆనాటి రాతలో మాటకీ మాటకీ మధ్య ఎడం ఉండేది కాదు, మన తాటాకు గ్రంథాల్లాగే. 'మాయమ్మ' అని రాస్తే మా అమ్మా, మాయ అనే అమ్మా? అలాగే ఇదీ. 'మరన్ ఆత' అని విడదీస్తే 'మా ప్రభువు వచ్చాడు'. 'మరనా త' అంటే 'మా ప్రభువా, రా!' ఒకటి జరిగిన సంగతి, రెండోది ఎదురుచూపు. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికిన 'దిదాకే' అనే తొలినాటి క్రైస్తవ గ్రంథం ప్రతిలో ఇదే మాట భోజన ప్రార్థన చివర ఉంది. ప్రకటన గ్రంథం ముగింపులోనూ ఇదే పిలుపు గ్రీకులో వినిపిస్తుంది. అందుకే పండితులు చాలామంది 'రా' వైపే మొగ్గుతారు.

ఇందులో అంత విశేషమేముందంటారా? యేసును 'ప్రభువు' అని కొలవడం గ్రీకు మాట్లాడే సంఘాల్లోనే మొదలైందని జర్మన్ పండితుడు విల్హెల్మ్ బూసెట్ 1913లో వాదించాడు. ఈ చిన్నమాటే ఆ వాదానికి అడ్డం పడింది. అరామిక్ మాట్లాడే తొలి విశ్వాసులు ఆయన్ని అప్పటికే అలా పిలిచారన్నమాట!

మన పాత తెలుగు బైబిలు 'తలీతాకుమీ'ని, 'ఎప్ఫతా'ని ఉన్నవున్నట్టు ఉంచింది. దీనికి మాత్రం ప్రభువు వస్తున్నాడన్న అర్థమే రాసింది. అర్థం దక్కింది గాని కేక పోయింది. పౌలు మాత్రం అనువదించలేదు. అంటే కొరింథులోని గ్రీకువాళ్ళకూ అది అప్పటికే నోటికి అలవాటైన మాటే అయి ఉండాలి. నిజమే మరి, ఏ ఊళ్ళో దెబ్బ తగిలినా 'అమ్మా' అన్న మాటను ఎవరు తర్జుమా చేసుకుంటారు?