ఎలుక తోక సాక్ష్యం

నడిగడ్డలో గుర్రం మాట వస్తే గద్వాల రాజు సోమనాద్రి కథ రాక మానదు. ఆయన గుర్రాన్ని శత్రువులు ఎత్తుకుపోతే నమ్మినబంటు ఒకడు ప్రాణాలకు తెగించి వెనక్కి తెచ్చాడని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. పొరుగున ఉన్న వనపర్తి సంస్థానానికీ గుర్రాల పేరుంది. మొదటి రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సిద్దీలతో ఒక ఆశ్విక దళాన్నే పోషించారు. ఆ తరవాత అది నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ పేట ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు మీద వెలిసిందే.

యుద్ధానికి పోయే గుర్రానికి ఏం పెట్టారు, ఏం తాగించారు అని ఎవరూ ఆరా తీయరు. గెలిచి వస్తే చాలు. పందెం సంగతి వేరు. 1868లో మౌలాలిలో మొదలై, 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో మలక్‌పేటకు మారిన హైదరాబాదు రేసుల్లోనైనా, ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లోనైనా, డబ్బు కాసినవాడికి ఒక్క నమ్మకం కావాలి: ఆ గుర్రం తన సత్తాతోనే పరిగెత్తిందని. దాన్ని రుజువు చేయడం ఎలా? గుర్రం నోరు విప్పి చెప్పదు. జవాబు చివరికి ఆ నోట్లోనే దొరికింది గానీ, దొరికేసరికి నూరేళ్లు పట్టింది.

మొదట్లో మోసమంతా గుర్రాన్ని ఓడించడానికే జరిగేది. 1811లో న్యూమార్కెట్‌లో పందెం గుర్రాలు నీళ్లు తాగే తొట్టిలో పాషాణం కలిపారు. గుర్రాలు చచ్చిపోయాయి. డేనియల్ డాసన్ అనేవాణ్ని పట్టుకుని మరుసటి ఏడు కేంబ్రిడ్జిలో ఉరితీశారు. ఆ కేసులో గట్టి సాక్ష్యం గుర్రం శరీరం నుంచి రాలేదు. తోడుదొంగ భయపడి అంతా కక్కేశాడు. వాడు గుట్టుగా ఉండిపోయి ఉంటే డాసన్ సంగతి ఏమయ్యేదో.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి వ్యవహారం తిరగబడింది. ఓడించే విషం పోయి గెలిపించే మందు వచ్చింది. కొకైన్, స్ట్రిక్నిన్ వంటివి ఎక్కించే విద్య అమెరికా ట్రైనర్లతోపాటు ఇంగ్లండుకు దిగింది. నిన్నటిదాకా కాలీడ్చిన గుర్రం ఇవాళ కళ్లు పొడుచుకొచ్చి, ఒళ్లంతా చెమటలు కక్కుతూ అందరికన్నా ముందు గీత దాటేది. జార్జ్ లాంబ్టన్ అనే పేరున్న ట్రైనర్‌కు ఇది మింగుడుపడలేదు. పెద్దలకు మొరపెట్టుకున్నాడు. పందేలను శాసించే జాకీ క్లబ్‌లో సొంత అన్నే స్టీవార్డు. అయినా ఒక చుక్క మందు గుర్రం రాత మార్చేస్తుందంటే వాళ్లు నమ్మలేదు.

మాటలతో పని కాదని లాంబ్టన్ తన లాయంలో ఎందుకూ కొరగాని గుర్రాలను ఏరాడు. ఒక పశువైద్యుడి దగ్గర మందు సంపాదించాడు. ఏం చేయబోతున్నాడో అన్నకు ముందే చెప్పాడు. ఆ గుర్రాల మీద తాను పైసా కాయలేదు. అయిదింటికి మందు పడింది. నాలుగు గెలిచాయి, అయిదోది రెండో స్థానంలో వచ్చింది! ఇది 1903 నాటి సంగతి. తప్పు చేసి తప్పును నిరూపించిన మనిషిని మెచ్చుకోవాలా అని అడిగితే, నేను మెచ్చుకుంటాను. ఆ దెబ్బతో జాకీ క్లబ్ కళ్లు తెరిచి, మందు ఎక్కించినవాణ్ని రేసుకోర్సు గడప తొక్కనివ్వమని నిబంధన రాసింది.

నిబంధన రాయడానికి ఒక పూట చాలు. అసలు చిక్కు ఆ తరవాత మొదలైంది. మందు ఎక్కించారని తెలిసేదెట్లా? చెమట పట్టింది కాబట్టి దోషి అందామా? ఎండలో పరిగెత్తిన ప్రతి గుర్రానికీ పడుతుంది. కళ్లు ఎర్రబడ్డాయందామా? దుమ్ముకూ ఎర్రబడతాయి. కొన్నేళ్లపాటు ఆ నిబంధన కాగితం మీదే ఉండిపోయింది.

దారి చూపినవాడు ఇంగ్లండువాడు కాదు. 1910లో ఆస్ట్రియా జాకీ క్లబ్ పెద్దలు వార్సా నుంచి బుకోవ్‌స్కీ అనే రసాయనవేత్తను వియన్నాకు పిలిపించారు. పందెం ముగిసిన గుర్రం మూతి దగ్గర కారే చొంగను తీసుకుని, అందులో మందు ఉందో లేదో చెప్పేస్తానన్నాడాయన. అన్నట్టే చెప్పాడు. ఎలా కనిపెట్టావయ్యా అంటే మాత్రం పెదవి విప్పలేదు. పద్ధతి ఆయన గుట్టు. గుట్టు చెప్పని సాక్షి మాట మీద ఒకడి బతుకుతెరువు తీసేయడం ఎలా? క్లబ్ పెద్దలు వియన్నా ప్రొఫెసర్ ఫ్రాంకెల్‌ను ఆశ్రయించారు. ఆయన మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెట్టి సొంత పద్ధతి తయారుచేసుకున్నాడు. 1910, 1911 సంవత్సరాల్లో 218 గుర్రాల చొంగను పరీక్షించాడు.

కొకైన్, మార్ఫిన్, స్ట్రిక్నిన్ మూడూ ఆల్కలాయిడ్లు. వీటికో గుణముంది. క్షారం కలిపితే నీటిని వదిలి, దానితో కలవని ద్రావకంలోకి పోతాయి, ఆమ్లం తగిలితే మళ్లీ నీటిలోకి వస్తాయి. ఇలా అటూ ఇటూ నాలుగుసార్లు దాటిస్తే చొంగలోని జిగురూ గడ్డి నలుసులూ వెనకబడిపోయి, మందు ఉంటే గాజు పళ్లెం అడుగున సన్నని పొరగా తేలుతుంది. దాని మీద ఒక చుక్క రసాయనం వేసి రంగు చూస్తారు. మార్ఫిన్ అయితే ఊదా రంగు. విషప్రయోగం కేసుల్లో అప్పటికే వాడుకలో ఉన్న కిటుకే ఇది. శవాల కడుపులకు వాడేదాన్ని బతికున్న గుర్రం నోటికి తెచ్చారు.

కానీ రంగు ఒక్కోసారి మోసం చేస్తుంది. వేర్వేరు పదార్థాలు దగ్గరదగ్గర రంగులిస్తాయి. అక్కడే ఎలుక ప్రవేశించింది. ఎలుకకు మార్ఫిన్ సూది వేస్తే తోక బిర్రబిగిసి, తేలు కొండి లేచినట్టు వీపు మీదికి వంగుతుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు స్ట్రౌబ్ 1911లో గమనించాడు. ఆయనకు గుర్రాల ధ్యాసే లేదు. ఇరవై ఏళ్లు దాటాక, 1934లో, అమెరికాలో మంచ్ అనే శాస్త్రవేత్తకు ఆ తోక పనికొచ్చింది. అనుమానమున్న గుర్రం చొంగ నుంచి తీసిన సారాన్ని బుల్లి ఎలుకకు ఎక్కించి, తోక వైపు చూస్తూ కూర్చునేవారు. తోక లేచిందా, గుర్రం యజమానికి మూడినట్టే.

అప్పటికి అమెరికాలో ప్రభుత్వాలు కూడా రంగంలోకి దిగాయి. పందేల మీద పన్ను రాబడి ఉన్నప్పుడు పందెం నిజాయతీ ఖజానా సమస్య కూడా అవుతుంది కదా. 1931లో పందేలను చట్టబద్ధం చేసిన ఫ్లోరిడా, రేసింగ్ కమిషన్‌ను పెట్టి, క్యాట్లెట్ అనే పశువైద్యుణ్నీ మోర్గన్ అనే కెమిస్టునూ ఫ్రాన్స్‌కు పంపింది. వాళ్లు చొంగ పరీక్ష నేర్చుకుని తిరిగొచ్చారు. 1934కల్లా రాష్ట్రాల రేసింగ్ కమిషనర్లంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. మన దగ్గర 1358 ఫసలీలో, అంటే 1949 ప్రాంతంలో, హైదరాబాదు రాష్ట్రం గుర్రప్పందేలు, బెట్టింగుల మీద పన్ను రెగ్యులేషన్ తెచ్చింది. పన్ను సర్కారు చూసుకుంది, గుర్రం ఒంట్లో ఏముందో చూసే పని క్లబ్ స్టీవార్డుల చేతిలోనే ఉండిపోయింది.

పరీక్ష చొంగ దగ్గరే ఆగలేదు. మూత్రానికి, ఆ తరవాత రక్తానికి పాకింది. దానితో కొత్త తలనొప్పి వచ్చిపడింది. 1968 మే 4న కెంటకీ డెర్బీలో డాన్సర్స్ ఇమేజ్ అనే గుర్రం గెలిచింది. మూత్రంలో ఫినైల్‌బ్యుటజోన్ దొరికింది. అది ఉత్సాహం ఎక్కించే మందు కాదు, కీళ్లనొప్పికి ఇచ్చేది. గుర్రం కాలి చీలమండ వాచి ఉంటే పందేనికి కొన్నాళ్ల ముందు పశువైద్యుడు ఇచ్చాడు. అక్కడి నిబంధన మాత్రం పందెం నాటికి ఒంట్లో ఉండకూడదంటుంది. బహుమతి రెండో గుర్రానికి పోయింది, యజమాని కోర్టుల చుట్టూ ఏళ్లు తిరిగినా ఫలితం మారలేదు. అప్పటిదాకా దొంగను వెతికిన పరీక్ష ఇప్పుడు రోగినీ పట్టుకుంది. వైద్యానికీ మోసానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న తగవు ఆనాడు రాజుకుని, అమెరికాలో ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరున తీర్పు చెప్పుకుంటూ, 2020లో దేశమంతటికీ ఒకే చట్టం వచ్చేదాకా నడిచింది.

ఇక తిండి గొడవ. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు మనవాళ్లు. ఇంగ్లండులో 1979లో నో బాంబ్స్ అనే గుర్రం పందెం గెలిచి, అంతకుముందు మార్స్ చాక్లెట్ తిన్న పాపానికి బహుమతి పోగొట్టుకుంది. కోకోలోని థియోబ్రోమిన్, కెఫీన్ మూత్రంలో తేలాయి. 2014లో బ్రిటన్ రాణిగారి ఎస్టిమేట్ అనే గుర్రానికీ ఇదే గతి పట్టింది. దాణాలో గసగసాల మొక్క కలిసిపోయి మార్ఫిన్ కనిపించింది. రాణిగారి గుర్రమైనా అనర్హత తప్పలేదు.

ఈ రెంటి మధ్య అసలు దొంగలూ ఊరుకోలేదు. ఏనుగులను మత్తులో పడేసే ఎటోర్ఫిన్‌ను అతి సూక్ష్మ మోతాదులో గుర్రాలకు వాడారు. మామూలు పరీక్షకు అందనంత తక్కువ. కెంటకీ విశ్వవిద్యాలయంలో టోబిన్ బృందం యాంటీబాడీల సాయంతో దాన్ని పట్టింది. 2012లో వచ్చింది కప్ప. దక్షిణ అమెరికా చెట్టుకప్ప చర్మంలో ఉండే డెర్మార్ఫిన్ మార్ఫిన్‌కన్నా ఎన్నోరెట్లు బలమైనది. గుర్రాలకు ఇదేదో ఎక్కిస్తున్నారని గుసగుసలు వినిపిస్తున్నా పరీక్షల్లో ఏమీ తేలేది కాదు. డెన్వర్‌లోని ఒక ప్రయోగశాల తన యంత్రాన్ని ఆ ఒక్క అణువు కోసమే సవరించి మళ్లీ చూసింది. వరసగా ముప్ఫైకి పైగా గుర్రాలు దొరికాయి. అంతకుముందు ఆ యంత్రం కళ్లముందే ఎన్ని గుర్రాలు దాటిపోయాయో!

మన న్యాయస్థానాల కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1967లో సికింద్రాబాద్ క్లబ్ ఒకదాని కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు అంది. 1996లో మద్రాసు రేస్ క్లబ్ కేసు వచ్చినప్పుడు అదే దారిలో గుర్రప్పందెమూ నైపుణ్యమే, జూదం కాదంది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ చేతివాటం ఇవన్నీ లెక్కలోకి వస్తాయని వాదం. 1974 నాటి మన గేమింగ్ చట్టం కూడా రేసుకోర్సు ఆవరణలో, పందెం రోజున, లైసెన్సున్న బుకీ దగ్గరో టోటలైజేటర్ దగ్గరో కాస్తే తప్పు పట్టదు. నాకు తోచేది ఒకటే. గెలిపించింది సూది అయితే నైపుణ్యం అన్న మాటకు అర్థం లేదు. కోర్టు ఇచ్చిన ఆ మినహాయింపు పరీక్షశాల మీద ఆధారపడి నిలబడింది, తీర్పులో ఆ మాట లేకపోయినా.

పందెం తరవాత నమూనా తీసే చోట హడావుడి పెద్దగా ఉండదు. సాయిసు గుర్రాన్ని నడిపించి, చల్లబరిచి, నీళ్లు పెట్టి, మూత్రం పోయించడానికి మెల్లగా ఈల వేస్తాడు. అలవాటైన గుర్రాలు ఆ ఈలకే పోస్తాయి. నమూనాను రెండు సీసాల్లో పంచి సీలు వేస్తారు. ఒకటి పరీక్షకు, రెండోది ట్రైనర్ ఒప్పుకోకపోతే మళ్లీ చూడడానికి. ఢిల్లీలోని జాతీయ డోప్ టెస్టింగ్ ల్యాబ్‌లో ఆటగాళ్ల నమూనాలతోపాటు గుర్రాలవీ పరీక్షిస్తారు.

యంత్రాల చూపు పెరిగేకొద్దీ ‘ఉందా’ అనే ప్రశ్న చాలలేదు, ‘ఎంత’ అని అడగాల్సి వచ్చింది. అంతర్జాతీయ నిబంధనల్లో థియోబ్రోమిన్ మూత్రం మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల దాకా క్షమార్హం. లూసర్న్ గడ్డి మేసే గుర్రానికి సహజంగానే చేరే సాలిసిలిక్ ఆమ్లానికి 750. నేలలో, నీటిలో ఎంతో కొంత ఉండే పాషాణానికి కూడా 0.3 మైక్రోగ్రాముల పరిమితి ఉంది. వంటసోడాను గొట్టంతో పొట్టలోకి దింపి అలసటను వాయిదా వేసే మోసం బయటపడ్డాక రక్తంలోని కార్బన్ డయాక్సైడుకూ గీత గీశారు, లీటరుకు 36 మిల్లీమోల్స్ అని. అందుకే ఇప్పుడు ట్రైనర్ వైద్యుణ్ని అడిగే మొదటి ప్రశ్న మందు పనిచేస్తుందా అని కాదు, పందెం నాటికి ఒంట్లోంచి పోవడానికి ఎన్ని రోజులు పడుతుందని.