డేటా రాశులకు డిస్కుల లెక్క

ఎక్సాబైట్లు, జెట్టాబైట్ల వంటి భారీ డేటా రాశులను ఇన్ని సీడీలని, ఇన్ని డీవీడీలని, వాటిని ఒకదానిపై ఒకటి పేరిస్తే ఇంత ఎత్తని చెప్పడం పరిశోధన సంస్థలకూ పత్రికలకూ అలవాటు. చేసేది మామూలు భాగాహారమే. అయితే మూడు సంగతులు చెప్పకుండా వదిలేస్తే వచ్చిన జవాబు ఎందుకూ కొరగాదు. బైట్లను వెయ్యితో పెంచుకుంటూ పోయారా, 1,024తోనా? డిస్కు ఏ రకం? దాని మందం ఎంత? ఈ మూడింటి వల్ల ఎంత తేడా వస్తుందో చూడడానికి ఆస్ట్రేలియాలోని పారమట్టా తగిన చోటు.

సిడ్నీ నగర కేంద్రానికి పడమర దిక్కున సుమారు 24 కిలోమీటర్ల దూరంలో ఉన్న పారమట్టాలో, న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ సర్ థామస్ బ్రిస్బేన్ ఒక వేధశాల కట్టించాడు. 1822లో అక్కడ పరిశీలనలు మొదలయ్యాయి. కార్ల్ రూంకర్, జేమ్స్ డన్‌లప్ దక్షిణాకాశపు నక్షత్రాల స్థానాలను రాత్రుల తరబడి కొలిచారు. ఆ కొలతలన్నీ కలిపి 7,385 నక్షత్రాల పట్టికగా 1835లో అచ్చయ్యాయి. వేధశాల 1847లో మూతపడింది. నక్షత్రం మధ్యాహ్న రేఖను దాటే క్షణాన్ని కొలిచే దుర్భిణిని నిలిపిన రాతి దిమ్మెలు మాత్రం పారమట్టా పార్కులో ఇప్పటికీ ఉన్నాయి.

ఆ పట్టికను డిస్కులోకి ఎక్కిద్దాం. ఒక్కో నక్షత్రానికి 100 బైట్లు కేటాయించినా మొత్తం 7,38,500 బైట్లే. 80 నిమిషాల సీడీలో సెకనుకు 75 సెక్టార్ల చొప్పున 3,60,000 సెక్టార్లు ఉంటాయి. ఒక్కో సెక్టారులో వాడుకరి డేటాకు దక్కేది 2,048 బైట్లు. తక్కిన చోటు ప్రధానంగా తప్పులు సరిదిద్దే సంకేతాలకు పోతుంది. అంటే సీడీ సామర్థ్యం 73,72,80,000 బైట్లు. అలాంటి పట్టికలు ఒక సీడీలో దాదాపు వెయ్యి పడతాయి. సీడీలో డేటా లోపలి అంచు నుంచి బయటికి సర్పిలంగా సాగుతుంది, చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం 1.6 మైక్రాన్లు. ఆ లెక్కన గవర్నరు వేధశాల పట్టిక మొత్తం లోపలి అంచున ముప్పై నాలుగు చుట్లలో ముగుస్తుంది. ఆ వలయం వెడల్పు 0.055 మిల్లీమీటర్లు, తలవెంట్రుక మందానికి మించదు.

ఇక ఈ కాలపు పట్టిక. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ ఖగోళ విభాగపు ప్రధాన కార్యాలయం సిడ్నీలోనే, పారమట్టాకు తూర్పున మార్స్‌ఫీల్డ్‌లో ఉంది. ఆ సంస్థకు పశ్చిమ ఆస్ట్రేలియాలోని మర్చిసన్ ప్రాంతంలో 36 డిష్‌ల రేడియో దుర్భిణి ఉంది. పేరు ఆస్కాప్. 2020లో వెల్లడించిన సర్వేలో అది సుమారు 300 గంటల్లో దాదాపు 30 లక్షల గెలాక్సీలను నమోదు చేసింది. అందుకోసం 13.5 ఎక్సాబైట్ల ముడి డేటా వచ్చిపడిందని సంస్థ తెలిపింది. ఒక ఎక్సాబైట్ అంటే వంద కోట్ల గిగాబైట్లు.

దీన్ని 25 గిగాబైట్ల ఒకే పొర బ్లూ-రే డిస్కుల్లో నింపాలంటే 54 కోట్ల డిస్కులు కావాలి. డిస్కు మందం 1.2 మిల్లీమీటర్లు కాబట్టి దొంతి పొడవు 648 కిలోమీటర్లు. 4.7 గిగాబైట్ల డీవీడీలైతే సుమారు 287 కోట్లు, దొంతి 3,447 కిలోమీటర్లు. దాన్ని పడుకోబెడితే పారమట్టాలో మొదలై పెర్త్ దాటిపోతుంది. సీడీలైతే దాదాపు 1,831 కోట్లు, దొంతి 22 వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ. డేటా మారలేదు, డిస్కు ఒక్కటే మారింది.

ప్రమాణం సంగతి ఇంకా మోసకారి. 1,024 చొప్పున లెక్కిస్తే కిలోబైట్ దగ్గర తేడా 2.4 శాతమే. గిగాబైట్‌కు వచ్చేసరికి 7.4, ఎక్సాబైట్‌కు 15.3, జెట్టాబైట్‌కు 18 శాతం దాటుతుంది. ఈ గందరగోళం తొలగాలనే అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998 చివర్లో కిబి, మెబి, గిబి అనే వేరు పేర్లు పెట్టింది, కానీ వాడుకలో అవి పెద్దగా నిలవలేదు. పై 13.5 ఎక్సాబైట్లను 1,024 పద్ధతిలో తీసుకుంటే బ్లూ-రే దొంతి 747 కిలోమీటర్లవుతుంది. పారమట్టా నుంచి మెల్‌బోర్న్‌కు విమాన మార్గాన సుమారు 700 కిలోమీటర్లు. ఒక లెక్కలో దొంతి మెల్‌బోర్న్‌ను చేరదు, ఇంకో లెక్కలో దాటిపోతుంది.

మందం కూడా తేలిక విషయం కాదు. చాలా సీడీల మీద నడిమి రంధ్రం చుట్టూ సన్నని ఉబ్బు ఉంటుంది కనుక నిజమైన దొంతి లెక్కకన్నా కొంచెం ఎక్కువే లేస్తుంది. సీడీని మామూలు ప్లాస్టిక్ పెట్టెతో సహా పేరిస్తే ఎత్తు ఎనిమిది రెట్లకు పైమాటే.

ఇలాంటి పోలికల్లో నిక్కచ్చిగా చేసిన ఉదాహరణ మార్టిన్ హిల్బర్ట్, ప్రిసిలా లోపెజ్‌లది. 2007లో ప్రపంచపు నిల్వ సామర్థ్యం 295 ఎక్సాబైట్లని 2011లో సైన్స్ పత్రికలో అంచనా కట్టారు. 730 మెగాబైట్ల సీడీలుగా మారిస్తే 404 వందకోట్లు, అంటే 40,400 కోట్ల సీడీలు. 1.2 మిల్లీమీటర్ల చొప్పున దొంతి చంద్రుణ్ని దాటి ఇంకో పావు వంతు దూరం పోతుంది. ఈ అంకెలను ఎవరైనా తిరిగి చేసి చూసుకోవచ్చు, సరిపోతాయి.

ఐడీసీ సంస్థ 2018లో చెప్పిన 175 జెట్టాబైట్ల అంచనా కథ వేరు. 2025 నాటికి ప్రపంచంలో పుట్టే డేటా అంతటినీ డీవీడీల్లో పేరిస్తే దొంతి చంద్రుడి దాకా 23 సార్లు వెళుతుందని ఎన్నో చోట్ల అచ్చయింది. 4.7 గిగాబైట్ల డీవీడీతో చేస్తే 116 సార్లు వస్తుంది. 25 గిగాబైట్ల బ్లూ-రేతో అయితే సుమారు 22 సార్లు. డీవీడీ అన్న మాట అక్కడ సరిపోదు, అయినా అది అలాగే చేతులు మారుతూ వచ్చింది.

పారమట్టా పట్టికలోని నక్షత్రాల స్థానాలు 1825 నాటికి సరిచేసినవి. ఏ ఏటికి చెందినదో చెప్పని నక్షత్ర స్థానాన్ని ఖగోళ శాస్త్రంలో ఎవరూ వాడరు. డేటా దొంతులకూ ఆ పట్టుదల అవసరం. పాఠ్యపుస్తకాలు, సైన్స్ శీర్షికలు రాసేవారు ఇలాంటి పోలిక ఇచ్చినప్పుడు డిస్కు సామర్థ్యం, మందం, బైట్ల పద్ధతి పక్కనే ఒక్క వాక్యంలో ఇవ్వాలి. అవి లేని పోలిక ఎదురైతే పాఠకులు కాగితం, పెన్సిలు తీసుకుని ఒకసారి భాగించి చూడండి.