మూలకణాలకూ ఇంటిపేరు ఉంది

పోయిన సమావేశంలో రక్త మూలకణాల దాతలుగా పేర్లు ఇవ్వమని అడిగితే, "ఎముక కోస్తారటగా?" అని సగం మంది వెనక్కి తగ్గారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మన తాతముత్తాతలు ఏ ఊరి నుంచి కదిలారో ఇంటిపేరు చెబుతుంది. భాషలో యాస మారినా, కట్టూబొట్టూ మారినా ఆ ఆనవాలు పోదు. శాస్త్రవేత్తలు మూలకణాల వలసను పట్టుకున్నదీ ఇలాంటి ఆనవాలుతోనే.

అణుబాంబుల తర్వాత రేడియేషన్ దెబ్బకు మూలుగ ఎలా చచ్చిపోతుందో లోకానికి తెలిసింది. 1949లో షికాగోలో జేకబ్‌సన్ ఎలుకల ప్లీహానికి సీసం అడ్డుపెట్టి రేడియేషన్ ఇస్తే అవి బతికాయి. 1951లో లోరెంజ్ బృందం వేరే ఎలుకల మూలుగను ఎక్కించి బతికించింది. కానీ బతికించింది ఏమిటి? మూలుగలోని ఏదో రసాయనమని చాలామంది నమ్మారు. కణాలే వెళ్లి అక్కడ కాపురం పెట్టాయని కొందరన్నారు. వాదన ఏళ్ల తరబడి తెగలేదు.

తేల్చింది 1956లో ఇంగ్లండ్‌లోని హార్వెల్. అక్కడ ఫోర్డ్ బృందం దగ్గర ఒక ఎలుకల జాతి ఉంది. వాటి క్రోమోజోముల్లో ఒకటి మరీ పొట్టిది, సూక్ష్మదర్శినిలో ఇట్టే కనబడుతుంది. వాటి మూలుగను వేరే ఎలుకలకు ఎక్కించి కొన్నాళ్లకు చూస్తే, కొత్త మూలుగలో విభజన చెందుతున్న కణాల్లో ఆ పొట్టి క్రోమోజోమే ఉంది. ఇంటిపేరు దొరికింది, వాదన ముగిసింది.

1961లో టొరంటోలో టిల్, మెకలక్ ఎలుకల ప్లీహం మీద చిన్న బుడిపెలు లెక్కపెట్టారు. ఒక్కో బుడిపె ఒక్కో కణం సంతానమని 1963లో బెకర్‌తో కలిసి చూపారు. ఆ కణానికి మూలుగలో ప్రత్యేకమైన గూడు ఉంటుందన్నది 1978లో స్కోఫీల్డ్ చెప్పిన మాట. గూటి దగ్గరి కణాలు విడుదల చేసే ఒక రసాయనం మూలకణాలను పిలుస్తుందని, అక్కడే పట్టి ఉంచుతుందని తర్వాత తేలింది. 2009కల్లా బతికున్న ఎలుక కపాలపు ఎముకలో మూలకణం ఎక్కడ సర్దుకుంటుందో చూడగలిగారు.

ఇక మన భయం సంగతి. మూలకణాలకు దారి తెలుసు గనుక రోగికి వాటిని సెలైన్‌లా నరంలోకే ఎక్కిస్తారు. దాత దగ్గరా ఎక్కువగా అంతే: నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తే మూలకణాలు గూడు వదిలి రక్తంలోకి వస్తాయి, యంత్రంతో వాటిని వడకడతారు. ఆ రోజుల్లో ఒళ్లునొప్పులు ఉంటాయి, దాచం. కొన్నిసార్లు మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి సూదితో తీస్తారు. ఎముక కోయడం మాత్రం లేదు.

ఈ చికిత్స మనకు దూరమూ కాదు. ముంబయి టాటా ఆస్పత్రిలో 1983లో, వేలూరు సీఎంసీలో 1986లో మొదలైంది. కష్టమల్లా జోడీ దొరకడంలోనే. తోబుట్టువుతో కుదిరే అవకాశం నాలుగింట ఒకటి. బయట వెతికితే, ఒకే మూలాలున్న వాళ్లలో దొరికే ఆశ ఎక్కువ. అంటే మన వాడికి కావాల్సిన కణాలు హోసూరులోనో బరంపురంలోనో మన సభ్యుడి ఒంట్లోనే ఉండొచ్చు.

వచ్చే సమావేశంలో ఫారాలు మళ్లీ పెడుతున్నాం. ఆ రోజు బుగ్గ లోపల దూదిపుల్ల రాసి ఇవ్వడమే పని.