గట్టు దగ్గర ఆగిన చట్టం

బాలల హక్కుల చరిత్రను మన పత్రికలు ఏటా నవంబరులో ఒకే వరసలో చెబుతుంటాయి. 1924లో జెనీవా ప్రకటన, 1959లో ఐక్యరాజ్యసమితి ప్రకటన, 1989 నవంబరు 20న అంతర్జాతీయ ఒడంబడిక, 1992 డిసెంబరు 11న అందులో భారత్ చేరిక, ఆ తర్వాత చట్టాలు, వాటి పుణ్యాన బడిబాట పట్టిన పిల్లలు. జెనీవాలో వదిలిన నీరు కాలువల వెంట మన ఊరి దాకా పారినట్టుండే ఈ కథ నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె వైపు నుంచి చూస్తే నిలవదు. ఇక్కడి పిల్లలు చేలు వదిలి బడికి వెళ్లడం మొదలైన చాలా ఏళ్లకు గానీ, వాళ్లను చేలో పనికి పెట్టకూడదని చట్టం చెప్పలేదు.

తొలి దశలు అందరికీ తెలిసినవే. 1881 ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్లలోపు పిల్లల్ని మిల్లుల్లోకి రానీయకూడదంది. 1891లో ఆ వయసు తొమ్మిదికి పెరిగింది. అప్పు కింద పిల్లల శ్రమను తాకట్టు పెట్టడాన్ని 1933 చట్టం కాదంది. రాజ్యాంగంలోని 24వ అధికరణ 14 ఏళ్లలోపు వారిని కర్మాగారాలకు, గనులకు, ప్రమాదకరమైన పనులకు దూరంగా ఉంచింది. ఇవన్నీ గేటూ గోడా ఉన్న పనిచోట్లను చూసి రాసినవి. సేద్యం వాటి చూపులోకి రాలేదు. పసిపిల్లల్ని జీతానికి పెట్టడం పల్లెల్లో తప్పుగానూ తోచలేదు.

బనగానపల్లెలో ఈ తేడా కళ్లకు కడుతుంది. ఇక్కడి నాపరాతి గనులకు 1952 గనుల చట్టం వర్తించేది. 1983 సవరణ తర్వాత, అప్రెంటిస్‌లను మినహాయిస్తే, 18 ఏళ్లు నిండనివారెవరూ గనిలో పనిచేయడానికి వీల్లేకపోయింది. ఆ నిషేధం ఎంతవరకు అమలైందన్నది వేరే ప్రశ్న. కనీసం నిషేధమంటూ ఒకటుండేది. అదే గని పక్కన పత్తిచేలో పదేళ్ల పిల్ల పొద్దంతా కూలికి వంగితే, దాన్ని నేరమనే కేంద్ర చట్టం 2016 దాకా లేదు. 1986 బాలకార్మిక చట్టం కొన్ని వృత్తులను, ప్రక్రియలను జాబితాగా రాసి, వాటిలో మాత్రమే 14 ఏళ్లలోపు పిల్లల్ని నిషేధించింది. తర్వాత పెరిగిన జాబితాలోకి పురుగుమందుల వాడకం, ట్రాక్టర్లూ నూర్పిడి యంత్రాలూ వాడే పనులూ వచ్చాయి. చేత్తో చేసే పొలం పని మాత్రం బయటే ఉండిపోయింది.

అంతర్జాతీయ ఒడంబడిక ఈ లోటును పూడ్చి ఉండాల్సింది. దాని 32వ అధికరణ పిల్లల్ని ఆర్థిక దోపిడీ నుంచి కాపాడే బాధ్యతను ప్రభుత్వాలపై పెడుతుంది, పనికి కనీస వయసు నిర్ణయించమంటుంది. సరిగ్గా ఆ అధికరణ దగ్గరే భారత్ ఒక ప్రకటన జతచేసింది. అన్ని రంగాల్లోనూ వెంటనే కనీస వయసు నిర్ణయించడం తనకు సాధ్యం కాదని, దశలవారీగా చేస్తానని దాని సారాంశం. 1992 డిసెంబరును పండగలా చెప్పుకునే వ్యాసాలు ఈ ప్రకటనను ఒక వాక్యంలో దాటేస్తాయి. ఉమ్మడి కర్నూలు జిల్లా పిల్లలకు మాత్రం ఒడంబడికలోని 54 అధికరణలన్నిటికన్నా ఈ ఒక్క ప్రకటనే ఎక్కువ తగిలింది.

ఆ రోజుల్లోనే నంద్యాల ప్రాంతంలో సీడు పత్తి, అంటే విత్తనం కోసం చేసే పత్తి సాగు, ఊపందుకుంది. 1970లో గుజరాత్‌లో విడుదలైన హెచ్-4తో హైబ్రిడ్ పత్తి వాణిజ్యం మొదలైంది. హైబ్రిడ్ విత్తనాన్ని ఏటా కొత్తగా తయారుచేయాలి, అదీ పువ్వు పువ్వుకూ చేత్తో. సాయంత్రం ఆడ మొక్క మొగ్గను పట్టుకుని రేకలు, కేసరాలు గోటితో ఒలిచి, కీలాగ్రాన్ని మాత్రం మిగల్చాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి పుప్పొడిని దాని మీద రుద్దాలి. దీన్నే ఊళ్లలో క్రాసింగ్ అంటారు. రెండు మూడు నెలలపాటు ఒక్కరోజు కూడా ఆగకుండా సాగే పని. ఎకరాకు పదిమంది దాకా కావాలి. ఆ పదిమందిలో ఎక్కువమంది ఏడు నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు. సీజనుకు ముందే తల్లిదండ్రుల చేతికి అడ్వాన్సు అందేది. ఆ బాకీ తీరేదాకా పిల్ల బడి మాటే ఉండేది కాదు.

లేత వేళ్లయితేనే ఈ పని చక్కగా సాగుతుందని, పేదరికం ఉన్నంతకాలం ఇది తప్పదని అప్పట్లో గట్టిగా వాదించారు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2000 దశకంలో చేసిన వరుస అధ్యయనాలు ఆ వాదాన్ని నిలబడనీయలేదు. విత్తనానికి కంపెనీ ఇచ్చే ధర పెద్దవాళ్ల కూలికి సరిపోయేది కాదు. ఆ లోటును రైతు పిల్లల కూలితో పూడ్చుకున్నాడు. కంపెనీకీ రైతుకూ నడుమ ఆర్గనైజర్ అనే మధ్యవర్తి ఉండటంతో బాధ్యత ఎవరికీ అంటలేదు. నెదర్లాండ్స్‌లోని ఇండియా కమిటీ 2003లో ఈ వివరాలను బయటపెట్టాక బహుళజాతి కంపెనీలపై ఒత్తిడి పెరిగింది. పిల్లల్ని పెట్టని రైతుకు ధరపై 5 శాతం అదనంగా ఇచ్చే పద్ధతిని బేయర్ వంటి కంపెనీలు తెచ్చాయి. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలేనన్న సూత్రంతో శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ అటు కంపెనీలతోనూ ఇటు గ్రామాల్లోనూ మాట్లాడింది.

జనాభా లెక్కల్లో ఈ మార్పు కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేస్తున్న 5–14 ఏళ్ల పిల్లలు 1991లో 16.6 లక్షలు, దేశంలోనే అత్యధికం. 2001లో 13.6 లక్షలు. 2011కు ఈ సంఖ్య ఇంకా బాగా పడిపోయింది. పొలం పనిని నిషేధించే చట్టం లేని దశాబ్దంలోనే ఇంత తగ్గుదల వచ్చింది. అయితే దీన్ని కంపెనీల ఖాతాలోనో ఒక సంస్థ ఖాతాలోనో వేసేయకూడదు. 2001, 2011 మధ్య దేశమంతటా కూడా ఈ సంఖ్య 1.26 కోట్ల నుంచి 1.01 కోట్లకు తగ్గింది. 2003 జనవరి నుంచి రాష్ట్రంలో వడ్డించిన మధ్యాహ్న భోజనం, 2004లో వచ్చిన కస్తూర్బా బాలికా విద్యాలయాలు, బడి మానిన పిల్లల్ని తిరిగి చదువుకు సిద్ధం చేసే వంతెన శిబిరాలు, 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కలిసి పనిచేశాయి. ఒడంబడిక 4వ అధికరణ అడిగిందీ ఇదే: అందుబాటులో ఉన్న వనరులను గరిష్ఠంగా పిల్లల మీద పెట్టాలి. ప్రభుత్వం ఖర్చు పెట్టిన చోట పిల్లలు బడికి వచ్చారు. జైలు భయం తెచ్చిన మార్పు ఇందులో బహు స్వల్పం.

ఇంకొకటి కూడా జరిగింది. తనిఖీలు పెరిగేకొద్దీ సీడు పత్తి చిన్న కమతాలకు, సొంత కుటుంబం చేసే సేద్యానికి జరిగింది. కూలిపిల్ల స్థానంలో కన్నకూతురు వచ్చింది. 2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లల్ని అన్ని పనుల్లోనూ నిషేధించింది, కానీ బడివేళల తర్వాత, సెలవుల్లో కుటుంబ వృత్తికి సాయపడటాన్ని మినహాయించింది. పిల్లలు తల్లిదండ్రులకు చేదోడుగా ఉండటం తప్పు కాదనే మాటలో నిజముంది. అయితే సాయంత్రం మొగ్గ ఒలవడం, తెల్లారి పుప్పొడి రుద్దడం రెండూ బడివేళల అంచుల్లోనే మొదలై బడివేళల్లోకి పాకే పనులు. సాయానికీ శ్రమకూ గీత ఎక్కడ గీయాలో కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్‌కు ఎలా తెలుస్తుంది? పని ఎక్కడికి జరిగిందో అక్కడే చట్టం కళ్లు మూసుకుంది. ఇది పొరపాటనుకోవడం కష్టం.

2017 జూన్ 13న భారత్ అంతర్జాతీయ కార్మిక సంస్థ 138, 182 ఒప్పందాలను ఆమోదించింది. మంచి అడుగే. ఆలస్యంగా వేసిన అడుగు కూడా: అందులో మొదటిది 1973 నాటిది. బాలల హక్కుల ఒడంబడికకు అనుబంధంగా, ఫిర్యాదుల హక్కు ఇచ్చే మూడో ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో మాత్రం మనం చేరలేదు. దేశంలో న్యాయం దొరకని పిల్ల జెనీవాలోని బాలల హక్కుల కమిటీకి మొరపెట్టుకునే దారి అందువల్ల మూసే ఉంది.

కోసిగి, ఆదోని వైపు నుంచి ఏటా గుంటూరు మిరపచేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాల వెంట పిల్లలు ఇప్పటికీ వెళుతున్నారు. ఇలాంటి పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్లు పంట కేలండర్ కన్నా ముందే తెరవాలి, నిధులొచ్చాక కాదు. 2016 నాటి కుటుంబ మినహాయింపు నుంచి విత్తనోత్పత్తిని తొలగించాలి. అన్నిటికన్నా ముందు 32వ అధికరణపై 1992లో జతచేసిన ప్రకటనను ప్రభుత్వం వెనక్కి తీసుకోవాలి. బాలల హక్కుల కమిటీ 2014లోనూ ఆ మాటే చెప్పింది. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి ఒక లేఖ రాస్తే చాలు.