ఐ-29: ఒక జలాంతర్గామి, రెండు జ్ఞాపకములు

నేతాజీ సుభాష్ చంద్ర బోసుగారు జలాంతర్గామిలో సముద్రములు దాటి తూర్పు ఆసియా చేరిన కథను వినని తెలుగు కుటుంబము మన బెంగుళూరున అరుదు. ఆ సాహసమును పిల్లలకు చెప్పి సంతోషింతుము. ఆ నౌక పూర్వచరిత్రను మాత్రము చెప్పము. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

జపాను నౌకాదళపు ఐ-29 యొకోసుకాలో నిర్మింపబడి 1942 ఫిబ్రవరిలో సేవలో ప్రవేశించినది. దాని పొడవు 108 మీటర్లకు పైగా నుండెను. దూర సముద్రములలో ఒంటరిగా సంచరించుటకై నిర్మించిన క్రూజరు తరగతి జలాంతర్గామి యగుటచే, మరల ఇంధనము నింపుకొనకయే 14,000 నాటికల్ మైళ్లు పోగలిగెడిది. ఒక చిన్న విమానమును సైతము మోసెడిది. 1942 మే నెలలో ఆ విమానము సిడ్నీ రేవుపై ఎగిరి అచటి నౌకలను చూచి వచ్చినది.

అదే సంవత్సరము నవంబరు 23న, బొంబాయి నుండి ఆఫ్రికాకు పోవుచున్న తిలావా యను ప్రయాణికుల ఓడను ఐ-29 టార్పెడోలతో ముంచినది. ఓడలోని 958 మందిలో 280 మంది మరణించిరి. ప్రయాణికులలో పెక్కురు భారతీయులే. బ్రతుకుతెరువునకై భార్యాబిడ్డలతో బయలుదేరినవారును అందుండిరి. మిగిలినవారిలో దాదాపు అందరిని బర్మింగ్‌హామ్ యను బ్రిటిషు యుద్ధనౌక రక్షించినది.

ఐదు నెలలు గడచినవి. 1943 ఏప్రిల్ చివర, మడగాస్కరు సమీపమున, జర్మనీ జలాంతర్గామి యు-180 నుండి నేతాజీ రబ్బరు పడవలో అలలను దాటి ఈ ఐ-29నే యెక్కిరి. వెంట నున్నవారు మన హైదరాబాదు వాస్తవ్యులు ఆబిద్ హసన్‌గారు. ‘జై హింద్’ నినాదమును రూపొందించినవారుగా పేరొందినది వీరే. మే నెలలో వారిరువురు సుమత్రా దాపున గల సబాంగ్ రేవున దిగిరి.

తరువాత ఐ-29 ఫ్రాన్సులోని లోరియాఁ రేవు వరకు పోయి, జర్మనీ యుద్ధ పరికరములతో తిరిగి వచ్చుచు, 1944 జూలై 26న లూజాన్ ద్వీపమునకు ఉత్తరమున అమెరికా జలాంతర్గామి సాఫిష్ వాతబడినది. నావికులలో ఒక్కడే బ్రతికెను.

మేము చిరకాలము లెక్కల పుస్తకములు వ్రాసినవారము. జమ మాత్రమే వ్రాసి ఖర్చు విడిచినచో అది లెక్క కాదు. నేతాజీ సాహసము తిలావా వలన చిన్నది కాదు. ఆ 280 మంది మరణము ఈ సాహసముచే తీరదు. పొట్టకూటికై ఊరు విడిచివచ్చిన పెద్దల సంతతివారము మనము. పిల్లలకు ఇకపై రెండు కథలను కలిపి చెప్పుదము.