మళ్లీ అదే పడే పాచిక

1982లో అమెరికాలోని యాక్టివిజన్ సంస్థ ‘పిట్‌ఫాల్’ అనే వీడియో గేమ్ విడుదల చేసింది. అందులో హ్యారీ అనే సాహసి మొసళ్ల మడుగులు, ఊబి గుంతలు, దొర్లుకొచ్చే దుంగలు దాటుకుంటూ 20 నిమిషాల్లో 32 నిధులు వెతకాలి. అడవిలో ఉన్నవి మొత్తం 255 దృశ్యాలు. ఆట నడిచిన అటారీ 2600 యంత్రంలో ర్యామ్ 128 బైట్లు మాత్రమే. ప్రోగ్రామ్, బొమ్మలు, శబ్దాలు అన్నీ 4 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లోనే సర్దుకోవాలి. దృశ్యాలన్నిటినీ పట్టికగా రాసిపెట్టుకునేంత చోటు అందులో లేదు. అయినా ఆటను రూపొందించిన డేవిడ్ క్రేన్ ఆ అడవి మొత్తాన్నీ 50 బైట్లకు లోపే ఇమిడ్చారు. అందుకు వాడింది యాదృచ్ఛిక సంఖ్యలను, అంటే రాండమ్ నంబర్లను పుట్టించే లెక్క. సూత్రం ప్రకారం వచ్చే ఇలాంటి సంఖ్యలు నిజమైన యాదృచ్ఛికానికి నాసిరకం నకలు మాత్రమేనని చాలామంది అనుకుంటారు. ఆనాటి ఆటలు మరో మాట చెబుతున్నాయి. ఆ సంఖ్యల అసలు బలం ఊహకందకపోవడం కాదు, అడిగిన ప్రతిసారీ తు.చ. తప్పకుండా అదే వరుసలో తిరిగి రావడం.

ఆ లెక్కను కాస్త దగ్గరగా చూద్దాం. అటారీలోని 6507 ప్రాసెసర్‌కు గుణకారం చేసే ఆదేశం లేదు. అసెంబ్లీ భాషలో ప్రోగ్రామర్ చేతికి వచ్చేవి కూడిక, తీసివేత, బిట్లను పక్కకు జరపడం, రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0 ఇచ్చే ఎక్స్‌ఆర్ లాంటి చిన్న పనులే. క్రేన్ లెక్కకు అవే చాలాయి. ఎనిమిది బిట్ల సంఖ్యలో కుడివైపు నుంచి సున్నాతో మొదలుపెట్టి లెక్కిస్తే వచ్చే 3, 4, 5, 7 స్థానాల బిట్లను ఎక్స్‌ఆర్ చేయాలి. తర్వాత సంఖ్యనంతా ఒక స్థానం ఎడమకు జరిపి, కుడి చివర ఖాళీలో ఆ ఫలితాన్ని ఉంచాలి. ఆట 196తో మొదలవుతుంది. బిట్లలో రాస్తే అది 11000100. ఆ నాలుగు స్థానాల్లో ఉన్నవి 0, 0, 0, 1 కాబట్టి ఫలితం 1. జరిపితే 10001001, అంటే 137 వస్తుంది. మళ్లీ చేస్తే 18, ఆపైన 37. ఇలా 255 అడుగులు వేశాక తిరిగి 196 దగ్గరికే చేరతాం. సున్నా మాత్రం ఎప్పటికీ రాదు. వస్తే దాన్ని ఎన్నిసార్లు జరిపినా సున్నాగానే ఉండిపోతుంది. దృశ్యాలు 256 కాకుండా 255 కావడానికి కారణం ఇదే. ఆ ఎనిమిది బిట్లలోనే కొన్ని గుంతల రకాన్ని, కొన్ని దుంగల వంటి వస్తువులను, కొన్ని చెట్ల వరుసను నిర్ణయిస్తాయి. పైగా ఈ లెక్క వెనక్కీ నడుస్తుంది. అందుకే హ్యారీ వెనుదిరిగితే దాటి వచ్చిన దృశ్యమే ఎదురవుతుంది. అడవి కింద ఉన్న సొరంగంలో ఒక దృశ్యం దాటితే పైన మూడు దృశ్యాలు దాటినట్టు లెక్క. ప్రోగ్రామ్ ఆ సూత్రాన్నే మూడుసార్లు నడుపుతుంది. నిజమైన పాచిక వేసి ఉంటే వెనక్కి వెళ్లే దారే ఉండేది కాదు.

1984లో ఇంగ్లండ్‌లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ ఇదే ఆలోచనను అంతరిక్షానికి తీసుకెళ్లారు. 32 కిలోబైట్ల బీబీసీ మైక్రో కోసం రాసిన వాళ్ల ‘ఎలీట్’ ఆటలో 8 గెలాక్సీలు, ఒక్కో దానిలో 256 గ్రహవ్యవస్థలు ఉన్నాయి. వాటి పేర్లు, పాలన, ఆర్థిక స్థితి అన్నీ మూడు 16 బిట్ల సంఖ్యల నుంచే పుడతాయి. ఒక గెలాక్సీలో ఒక గ్రహానికి అసభ్యమైన పేరు వచ్చిందని ఆ గెలాక్సీనే పక్కన పెట్టేశారు. గమనించాల్సింది ఇక్కడే. సంఖ్యలను సూత్రం పుట్టించింది, ఏది ఉంచాలో మనిషి నిర్ణయించాడు. రేపు చూసినా అదే కనిపిస్తుందన్న హామీ లేకపోతే ఆ ఎంపికకు అర్థమే ఉండదు.

ఇదంతా మెమరీ కరువు నేర్పిన సర్దుబాటే కదా, గొప్పతనం ఏముందని అడగవచ్చు. కరువు ప్రేరేపించిన మాట నిజం. కానీ కరువు తీరాక కూడా ఆ పద్ధతి పోలేదు. 2011లో పూర్తిస్థాయిలో విడుదలైన ‘మైన్‌క్రాఫ్ట్’ ఆటగాళ్లు తమకు నచ్చిన లోకాన్ని పంచుకోవడానికి, లెక్క మొదలయ్యే తొలి విలువ అయిన ఒక్క ‘సీడ్’ సంఖ్య చెప్పుకుంటారు. ఆటలు రాకముందు కూడా ఇదే అవసరం కనిపించింది. 1951లో అచ్చయిన వ్యాసంలో గణితవేత్త జాన్ వాన్ నాయ్‌మన్, భౌతిక పరికరంతో పుట్టించిన యాదృచ్ఛిక అంకెలపై లేవనెత్తిన అసలు అభ్యంతరం, వాటితో చేసిన లెక్కను మళ్లీ చేసి సరిచూసుకోలేమన్నదే. అంటే తిరిగి రావడం మొదటి నుంచీ కావలసిన గుణమే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. ముందే తెలిసిపోయే ఆటలో ఆట ఏముంది? 1980 నాటి ‘ప్యాక్‌మ్యాన్’లో నీలంగా మారిన దయ్యాలు మలుపుల దగ్గర యాదృచ్ఛిక సంఖ్యలను బట్టే దారి ఎంచుకుంటాయి. అయితే ప్రతి స్థాయి మొదట్లో ఆ లెక్క తొలి విలువకు తిరిగి వస్తుంది. దాంతో ఆటగాళ్లు గెలుపు దారులను కంఠస్థం చేశారు. ఐతే అది ఆటను చంపలేదు, సాధనగా మార్చింది. చెయ్యి ఒక్క క్షణం తడబడితే నేర్చుకున్న దారంతా చెదిరిపోతుంది. అనిశ్చితి నిజంగా కావాలనుకున్న చోట ప్రోగ్రామర్లు దాన్ని బయటి నుంచే తెచ్చుకున్నారు. ఆటగాడు బటన్ నొక్కిన క్షణంలో కౌంటర్ విలువ చదివారు. జెడ్80 ప్రాసెసర్‌లో ప్రతి ఆదేశంతో పెరిగే ఆర్ రిజిస్టర్‌ను చూశారు. కమోడోర్ 64లో శబ్దాల చిప్ పుట్టించే రొదను అంకెలుగా తీసుకున్నారు.

డబ్బు పందెంలో మాత్రం ఈ వాదన చెల్లదని ఒప్పుకోవాలి. 1984లో అమెరికాలో ‘ప్రెస్ యువర్ లక్’ టీవీ పోటీలో బహుమతుల బోర్డుపై లైట్లు కేవలం ఐదు వరుసల్లోనే తిరుగుతాయని మైకేల్ లార్సన్ కనిపెట్టి, 1,10,237 డాలర్ల విలువైన నగదు, బహుమతులు గెలిచాడు. అక్కడ లోపం సూత్రానిది కాదు, దాన్ని తగని పనికి పెట్టినవాళ్లది. పందెంలో గతం భవిష్యత్తును చెప్పకూడదు. లోకాన్ని నిర్మించేటప్పుడు మాత్రం చెప్పి తీరాలి. ఏది తిరిగి రావాలో, ఏది రాకూడదో తేల్చుకోవడంలోనే ఆ ప్రోగ్రామర్ల నైపుణ్యం ఉంది. ఆటల చరిత్రలో క్రేన్ వాడిన ఆ 50 బైట్లను పొదుపు చిట్కాగా కాక రచనగానే లెక్కించాలి.