కాలాయా? కాల్చారా? (మన మాటల చరిత్ర – 7)



తెలుగు క్రియల్లో జంటలుంటాయి. కాలు – కాల్చు. కూలు – కూల్చు. మునుగు – ముంచు. చచ్చు – చంపు. మొదటిది దానంతటది జరిగేది, రెండోది ఒకరు చేసేది. బళ్లో వీటిని అకర్మకం, సకర్మకం అని బట్టీ పట్టించి వదిలేస్తారు. కానీ మన చరిత్ర చాలావరకు ఈ రెండింటి మధ్య సందులోనే ఇరుక్కుని ఉంది. "గుడిసెలు కాలాయి" అనండి. ఎండాకాలం, తాటాకు, ఎక్కడిదో నిప్పురవ్వ గుర్తొస్తాయి. అదే "గుడిసెలు కాల్చారు" అనండి. వెంటనే ఇంకో ప్రశ్న లేస్తుంది: ఎవరు?

ఆ ప్రశ్న లేవకుండా నొక్కిపెట్టడానికి రాతభాషకి ఇంకో దారి కూడా ఉంది. "బడు" చేర్చడం. చంపబడ్డారు, వెలివేయబడ్డారు, అవమానించబడ్డారు. ఇది ఇళ్లల్లో మాట్లాడే తెలుగు కాదు. "నేను కొట్టబడ్డాను" అని ఏడుస్తూ ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. "వాడు కొట్టాడు" అంటాడు, వేలు పెట్టి చూపిస్తాడు. సంస్కృత వ్యాకరణం నీడలో, ఆ తర్వాత ఇంగ్లీషు ఆఫీసు కాయితాలను అనువదించుకునే అలవాటులో ఈ "బడు" రాతలో బాగా పెరిగింది. వేలు పెట్టి చూపించాల్సిన అవసరం లేని భాష అది. అందుకే అధికారులకు అంత సుఖం.

ఇప్పుడు కారంచేడుకు రండి. 1985 జులై 16. మాదిగపల్లె తాగే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల పని చేస్తుంటే మురికినీళ్లు చెరువులోకి పోతున్నాయి. మాదిగ కుర్రాడు ఒకడు ఇదేమిటని అడిగాడు. వాణ్ణి కొట్టారు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడితే ఆమె మీదికీ వచ్చారు. ఆమె బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తారు.

దీన్ని "కారంచేడు ఘటన" అంటారు. "కారంచేడు ఘర్షణ" అనేవాళ్లూ ఉన్నారు. ఘటన జరుగుతుంది, వానలాగా, గ్రహణంలాగా. ఘర్షణకు రెండు పక్షాలుంటాయి, చెరి సగం తప్పు పంచేస్తే సరిపోతుంది. ఈ రెండు నామవాచకాల్లోనూ పోయింది ఒక్క చంపినవాడే కాదు, బిందె ఎత్తిన మనిషి కూడా పోయింది. నాకు కారంచేడు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన క్రియ అదే: ఎత్తింది. గద్దర్ కారంచేడు మీద కట్టిన పాట ఊరూరా ఎందుకు పాడారో ఇక్కడే తెలుస్తుంది. ఆ పాటలో మనవాళ్లు పడిపోయినవాళ్లు కారు, ఎదురు తిరిగి పోరాడినవాళ్లు. క్రియలకు కర్తలు వాళ్లే.

ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం గార్లు దాన్ని నడిపారు. "దళిత" అనే మాట మన పల్లెల్లో గట్టిగా నాటుకున్నది అప్పుడే. అంతకుముందు ప్రభుత్వ కాయితాల్లోనూ, కాంగ్రెసు సభల్లోనూ మన పేరు హరిజన. గాంధీ 1933లో ఆ పేరుతో పత్రికే పెట్టారు. విడదీసి చూడండి: హరి, జన. రెండూ నామవాచకాలు. దేవుడి మనుషులట. అందులో క్రియ లేదు. ఎవరూ ఎవరినీ ఏమీ చెయ్యలేదు. "దళిత" అలా కాదు. చీల్చిన, నలగ్గొట్టిన అని దాని అర్థం. కడుపులో క్రియ పెట్టుకుని పుట్టిన మాట. బాబాసాహెబ్ 1948లో అంటరానివాళ్ల పుట్టుక గురించి రాసిన పుస్తకంలో ఇంగ్లీషులో "బ్రోకెన్ మెన్" అన్నారు. అందులోనూ విరగ్గొట్టడం ఉంది.

అది కూడా "బడు" రూపమే కదా, నలగ్గొట్టబడినవాడనే కదా అని కొందరు తెలివిగా అడుగుతారు. నిజమే, కర్త పేరు అందులోనూ లేదు. కానీ హరిజన అన్నప్పుడు ఎవడికీ ప్రశ్న రాదు. దళిత అన్నప్పుడు "నలగ్గొట్టింది ఎవరు?" అని రాక తప్పదు. ఆ మాట వింటే కొందరికి ఇప్పటికీ గొంతులో ముల్లు పడ్డట్టుండేది అందుకే.

పేరు మనం పెట్టుకోవాలన్న పట్టు 1985లో మొదలైందీ కాదు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ గారు ఆ పేరునే కాదన్నారు. సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. ఆ తర్వాతి కాలంలో రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు. గరిమెళ్ల సత్యనారాయణ గారి "మాకొద్దీ తెల్లదొరతనము" ఊరంతా పాడుతుంటే ధర్మన్న గారు "మాకొద్దీ నల్లదొరతనము" రాశారు. అందరూ తెలుపు నలుపుగా మారడం గురించే వ్యాసాలు రాస్తారు. నాకు మారని మాట మీదే కన్ను: వద్దు. దొర పిలిస్తే మాలమాదిగలు ఇవ్వగలిగిన జవాబు "చిత్తం". అందులో క్రియ కూడా లేదు. అలాంటి నోటితో "వద్దు" అనడం, అదీ తెల్లదొరతో కాదు, రోజూ కళ్లెదుట కనిపించే దొరతో అనడం! రంగు మార్చడం కంటే ఆ క్రియను తెచ్చుకోవడమే పెద్ద పని అంటాను.

క్రియ చివరి అక్షరంలోనూ కులం ఉంది. ఊళ్లో పెద్దకులం కుర్రాడు "వచ్చారు". డెబ్భై ఏళ్ల మన తాత "వచ్చాడు". మన అవ్వ "వచ్చింది", ఆవు కూడా "వచ్చింది". తెలుగు వ్యాకరణం ఏకవచనంలో ఆడమనిషినీ గొడ్డునూ ఒకే గాటన కడుతుంది. ఆ గాట నుంచి "గారు" చేర్చి ఎవరిని విప్పారో, ఎవరిని ఉంచేశారో మనందరికీ తెలుసు.

చట్టంలో కూడా ఇదే తేడా చూడొచ్చు. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యత రద్దయిందంటుంది. గొప్ప వాక్యమే, కానీ దాన్ని పాటించేది ఎవరో అందులో లేదు. 1989 అట్రాసిటీ చట్టం వేరుగా మొదలవుతుంది: ఎస్సీ, ఎస్టీ కానివారు ఎవరైనా సరే, అని ముందు కర్తను నిలబెడుతుంది. ఆ తర్వాత క్రియలు వరసగా వస్తాయి. తినకూడనిది తినిపించడం, బట్టలు ఊడదీసి ఊరేగించడం, భూమి ఆక్రమించడం. లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మూడో సెక్షన్‌ను ఒకసారి క్రియల కోసమే చదవండి.

చుండూరు. 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని తరిమారు, నరికారు, శవాలను గోనెసంచుల్లో కుక్కారు, తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలుగులో కర్తను చెప్పకుండానే వాక్యం పూర్తి చెయ్యొచ్చు. "నరికారు" అంటే చాలు, చివరి "రు" నరికింది మనుషులేనని చెప్తుంది. హైకోర్టు తీర్పు తర్వాత చుండూరుకు మిగిలింది ఆ ఒక్క "రు".

అందుకే ఏటా ఆగస్టులో మన పోస్టర్లతో నాకో పేచీ ఉంది. "చుండూరులో ఎనిమిది మంది అమరులయ్యారు" అని రాస్తాం. గౌరవమైన మాట, తీసెయ్యమనను. ఊరి నడుమ వాళ్లను పూడ్చిన చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నవాళ్లం, ఆ గౌరవం మనకు కావాలి. కానీ "అయ్యారు" కూడా దానంతటదే జరిగే క్రియే. కాలాయి, కూలాయి, అయ్యారు. కాబట్టి దాని కింద ఇంకో వాక్యం, అంతే సైజు అక్షరాలతో రాయండి: చుండూరులో అగ్రకుల భూస్వాములు ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. గోడ మీద చోటు చాలకపోతే మన సంఘాల పేర్లు చిన్నవి చేద్దాం.

వచ్చే భాగంలో ధర్మన్న గారి "జయభేరి" పత్రిక గురించి.